ఏడాది గ్రాసము



పూర్వము పిల్లనిచ్చుటకై సంబంధము చూడబోయిన పెద్దలు వరుని చదువును, వంశమును విచారించిన పిమ్మట, మాటలలో మాటగా పెరటిలోనికి పోయి గాదెను చూచి వచ్చెడివారు. కోతలు మొదలు మరల కోతలవరకు ఈ యింట కుండకు గింజ కలదా, లేదా? ఆ చూపున కర్థ మింతియే. భూమి యెన్ని యెకరములన్న ప్రశ్న దాని తరువాతిది. పదియెకరములుండియు శ్రావణమునకే గాదె యడుగు కనబడు నిండ్లను, మూడెకరముల మెట్టతోనే యేడాది గ్రాసము వెళ్లించుకొను నిండ్లను వారు చూచియుండిరి. ఈ దినమున నేను చెప్పబూనినదియు ఆ గాదెను గూర్చియే. దానితోపాటు గాదెను నింపు నీటిని గూర్చియు కొంత చెప్పవలసియున్నది.

మన దేశమున చిన్న రైతులే యెక్కువ. 2015–16 వ సంవత్సరపు వ్యవసాయ గణనము ప్రకారము నూటికి 86 కమతములు ఐదెకరములకు లోబడినవే. వీరు పండించువారు, వీరే కొనుక్కొని తినువారు. ఈ వింత యెట్లు కలుగుచున్నదో తెలిసికొనుటకు ఒక లెక్క చాలును. దానిని నేను బడిలో ఎనిమిదవ తరగతి పిల్లలచేత చేయించుచుండెడివాడను.

పనిపాటలు చేయు పెద్దవారికి దినమునకు అరకిలో గింజ కావలెను. పిల్లలకును ముసలివారికిని కొంత తక్కువ. ఐదుగురున్న యింటికి దినమున కొక రెండు కిలోలనుకొన్నచో, నెలకు 60 కిలోలు, ఏడాదికి 730 కిలోలు. అనగా ఏడు క్వింటాళ్ల మీద ముప్పది కిలోలు. విత్తనము, చుట్టపుజూపు, పండుగ పబ్బము, ఎలుకపాలు, పురుగుపాలు చేర్చినచో ఎనిమిదిన్నర క్వింటాళ్లు. ఈ లెక్క నల్లబల్లపై వ్రాసి, మీ యింటి గింజ యెన్ని నెలలకు వచ్చునో వ్రాసికొని రండని పిల్లలతో నంటిని. మరునా డొక పిల్లవాడు పలక తెచ్చి చూపినాడు. వాని తండ్రికి నాలుగెకరముల మెట్ట. మాఘమాసమున కళ్లములో పది క్వింటాళ్ల జొన్న రాలినది. అందులో ఏడు క్వింటాళ్లు అప్పుక్రింద కళ్లములోనే కొలిచి యిచ్చినారు. మూడు మిగిలినవి. మూడు క్వింటాళ్లు ఐదు నెలల గ్రాసము. ఫాల్గుణము, చైత్రము, వైశాఖము, జ్యేష్ఠము, ఆషాఢము – అంతటితో సరి. శ్రావణము మొదలు ఏడు నెలలు కొనుక్కొని తినవలెను.

ఎంతకు కొనవలెను? కళ్లములో నూరు రూపాయలకు పోయిన గింజకు శ్రావణమున నూటయేబది యగునని ఆ పిల్లవానికే తెలియును. అట్లయిన ఏడు క్వింటాళ్లకు వచ్చినది 700. ఏడు నెలలకు వలసిన నాలుగు క్వింటాళ్ల ఇరువది కిలోలకు తిరిగి పెట్టవలసినది 630. మిగిలినది 70. తనకు వలసిన గింజ నుంచుకొని, పైనున్న రెండు క్వింటాళ్ల ఎనుబది కిలోలు మాత్రమే అమ్మియుండినచో 280 మిగిలియుండెడిది. నష్టము 210. కళ్లపు ధరకు అది రెండు క్వింటాళ్ల పదికిలోల జొన్న, అనగా మూడున్నర నెలల గ్రాసము. వాన తప్పలేదు, చీడ పట్టలేదు, దొంగ రాలేదు. మూడున్నర నెలల తిండి గింజ యింటిలోనుండి నడచిపోయినది. శ్రావణమున అరువు తెచ్చినచో దానిపై వడ్డి వేరు.

ఆ పిల్లవా డప్పుడడిగినాడు: “అట్లయిన మా నాయన ఎందుకమ్మినాడు, సారూ?” అమ్మక నిలువగల స్థితిలో వాని తండ్రి లేడు. అప్పు కళ్లమునాటికి గడువుగా వ్రాయబడినది. ఆనాడు నేను వానికి సరియైన సమాధానము చెప్పలేకపోతిని. తరువాత నా కర్థమైనది చెప్పెదను.

కరువన్నంతనే మనకు వానలు స్ఫురించును. కాని కరువుల చరిత్ర చదివినవారికి గింజ లేకపోవుట వేరు, గింజ అందకపోవుట వేరని తెలియును. 1832–33 లో, నందననామ సంవత్సరమున, గుంటూరు సీమను పట్టిన కరువును మనవారు డొక్కల కరువనిరి. ఆ సీమ జనములో మూడవ వంతుకు తక్కువగాక నశించిరని చెప్పుదురు. 1876–78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప సీమలను పాడుపెట్టినది. ఆ రెండవ కరువునాటికి రైలుమార్గములు వచ్చియున్నవి. అవి కొంత గింజను తెచ్చినవి. అయితే ధర యెక్కడ యెక్కువగ నుండునో అక్కడికే గింజ పరుగెత్తును గనుక, పల్లెలలోని నిలువలను ఊడ్చుకొనియు పోయినవి. దేశము ఆకలితో నలమటించుచున్న ఆ యేండ్లలోనే ధాన్యము ఓడలకెక్కి పరదేశములకు పోయినది. అమర్త్యసేను 1981 లో ప్రకటించిన గ్రంథమున, తిండి కొరతకంటె దానిని పొందు అధికారము లోపించుటయే పెక్కు కరువులకు కారణమని నిరూపించెను. మన పల్లెటి మాటలలో చెప్పవలెనన్న, సంతలో బస్తాలుండును, మన మూటలో పైకముండదు.

కనుకనే మన పెద్దలు గింజను పైకముగా మార్చుటకు తొందరపడెడివారు కారు. దానిని దాచుటయందు వారు సంపాదించిన నేర్పు సామాన్యమైనది కాదు.

కోస్తాలో గడ్డివెంటితో చుట్టిన పురులు, తడికెలు మెత్తిన గాదెలు ఉండెడివి. మెట్టసీమలలోను, తెలంగాణమునను జొన్నకు పాతర. పాతరకు మెరకనేల, గట్టినేల, చెరువుకును కాలువకును దూరమైన చోటు చూచెడివారు. మూతి సన్నముగను, కడుపు వెడల్పుగను, నిలువెత్తుకు మించిన లోతుగను త్రవ్వి, లోపల గడ్డి కాల్చి గోడలను ఆరబెట్టెడివారు. అడుగునను, చుట్టును గడ్డి పరచి, బాగుగ నెండిన జొన్నను నింపి, పైన మరల గడ్డి, పొట్టు, మన్ను వేసి, నీరు నిలువకుండ దిబ్బగా చేసి అలికెడివారు. గింజ యెండినదో లేదో చూచుటకు ఒక గింజను పంటక్రింద పెట్టెడివారు. టక్కుమని విరిగిన పాతరకు తగును. నలిగిన మరల ఎండకు.

ఈ పాతరలో జొన్న మూడు నాలుగేండ్లు చెడక యుండెడిది. ఎందువలననగా, గింజ చచ్చిన వస్తువు కాదు. అదియు మెల్లమెల్లగా ఊపిరి విడుచుచుండును. గింజలోని పురుగును ఊపిరి పీల్చును. మూతి మూసిన పాతరలో ఈ రెండింటి శ్వాసచేత ప్రాణవాయువు తరిగి, బొగ్గుపులుసుగాలి నిండును. ఆ గాలిలో పురుగు బ్రతుకదు. మందు చల్లకయే పురుగు చచ్చును. అయితే ఏ గాలి పురుగును చంపినదో అది మనుష్యునిగూడ చంపును. పాతర తెరచినంతనే దిగి ప్రాణములు పోగొట్టుకొన్నవారి కథలు ప్రతి తాలూకాలోను కలవు.

1972 కరువునాడు మా తాతగారు పాతర తీయించిరి. అప్పుడు నేను పదునాలుగేండ్లవాడను. ఇంటిలో గింజలు నిండుకొన్నవి. మూడు పూటలుగా అంబలి తప్ప పొయ్యిమీద వేరొకటి యెక్కలేదు. మూతి తెరచి ఒక దినమంతయు విడిచి, మరునాడు దీపమును త్రాటికి కట్టి లోనికి దింపిరి. సగము దూరమున దీపమారినది. పెద్ద వేపమండను త్రాటికి కట్టి పైకి క్రిందికి ఆడించి, లోని గాలిని కలచి, సాయంకాలము మరల దీపము దింపిరి. మరల నారినది. దిగెదనని మా చిన్నాయన పట్టుపట్టెను. తాతగారు ఆయన చేయి పట్టుకొని కూర్చుండిరి. క్రింద పదునైదు బస్తాల జొన్న. పైన ఆకలితో పిల్లలు. ఆ రాత్రియు గడచినది. మూడవ దినము ఉదయమున దీపము అడుగువరకు నిలిచినది. నడుమునకు మోకు కట్టుకొని చిన్నాయన దిగెను. పాతరజొన్నకు పులిసినట్టి యొక వాసన కలదు. సాధారణముగ పిల్లలకది గిట్టదు. ఆనాటి రొట్టెలో ఆ వాసనను మాలో నెవ్వరును ఎత్తిచూపలేదు.

ఒక హెచ్చరిక. పాతర యంచులలో తేమతగిలి ముద్దకట్టిన గింజను పశువులకు పెట్టు ఆచార ముండెడిది. అది తప్పు. బూజులో విషముండునని, అది పశువునకును, పాలద్వారా మనకును చేటు చేయునని ఇప్పుడు తెలిసినది. దానిని పారవేయుటయే మేలు. మరియు, ఈనాడు పాతరలు త్రవ్వుడని నేను చెప్పుట లేదు. గాలి చొరని పొరలతో చేసిన సంచులు ఇప్పుడు అమ్మకమున నున్నవి. వానియందును పనిచేయునది ఆ పాతర సూత్రమే. దీపము దింపవలసిన పని మాత్రము లేదు.

విత్తనమును మాత్రము పెద్దలు పాతరలో పెట్టలేదు. అందు గింజ తినుటకు బాగుండును గాని మొలకశక్తిని పోగొట్టుకొనును. విత్తనపు జొన్నకంకులను పొయ్యిపైన పొగతగులునట్లు వ్రేలాడదీసెడివారు. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించి యెండబెట్టుట, పెసలకు ఆముదము రాచుట, రాగులను బూడిదలో కలిపి కుండకెత్తుట – ఇవన్నియు ఇంటి యాడువారి విద్యలు. పప్పుగింజలకు పట్టు పురుగు గింజ పైతోలుమీదనే గ్రుడ్డు పెట్టును. నూనెపూత యున్నచో ఆ గ్రుడ్డు బ్రతుకదు. ఈ కారణమును మా అమ్మ చెప్పలేకపోయినను, పని మాత్రము ఏ యేడును తప్పలేదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని విధులు చెప్పుచు, నిలువలో సగమును ప్రజల ఆపదకై యుంచి తక్కిన సగమునే వాడవలెననియు, క్రొత్తగింజ వచ్చినప్పుడు ప్రాతదానిని మార్చుచుండవలెననియు విధించెను. రాజుకోష్ఠమునకు చెప్పిన ఈ మాటను మన రైతిండ్లు ఎవ్వరును చెప్పకయే ఆచరించినవి. అయితే అప్పున్న యిల్లు ఒంటరిగా దీని నాచరింపజాలదు. ఆ పిల్లవాని ప్రశ్నకు నాకు దొరికిన సమాధాన మిదియే. ఒక యిల్లు కళ్లమునుండి శ్రావణమువరకు గింజను పట్టి నిలువలేదు, ఊరు నిలువగలదు. నిలిచిన ఊళ్లు కలవు. వానిని గూర్చి కొంచెము విపులముగ చెప్పెదను.

పూర్వపు మెదకు జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరను నొక పల్లె కలదు. అచ్చట 1983 లో డెక్కను డెవలప్‌మెంటు సొసైటీ యను సంఘము నెలకొన్నది. అందులోని స్త్రీలలో పెక్కురు దళిత కుటుంబములవారు, కూలి చేసికొని బ్రతుకువారు. వారిలో కొందరికి ఎకరమో రెండెకరములో భూమి యున్నను, అది బీడు. దున్నుటకు ఎద్దులు లేవు. ఎరువునకు పైకము లేదు. చౌకదుకాణములో వచ్చునది బియ్యము. వారి నేలలో పండునది జొన్న. 1990 దశకము నడుమ వారు తమ భూమిలో పండిన జొన్నతోనే తమ ఊరికొక చౌకదుకాణము పెట్టుకొనిరి. కేంద్ర ప్రభుత్వపు గ్రామీణాభివృద్ధి శాఖవారి సొమ్ము దానికి మూలధనమైనది.

అది నడచిన తీరు వినుడు. బీడున్నవానికి దున్నుటకును, ఎరువు తోలుటకును, విత్తుటకును విడతలుగా బదులిత్తురు. ఆ బదులును అతడు పైకముగా తీర్చనక్కరలేదు. కొన్ని యేండ్లపాటు జొన్నగా ఊరి నిధికి కొలువవలెను. ఆ గింజను ఊరిలోనే, మన్నుమెత్తిన బుట్టలలో, వేపాకు బూడిదలు కలిపి నిలువచేయుదురు. పనులు లేని కాలమున, గింజ ధర పెరిగినప్పుడు, దానిని బీద కుటుంబములకు తక్కువ ధరకు అమ్ముదురు. అమ్మగా వచ్చిన పైకము బ్యాంకులో పడి మరల బీడు దున్నుటకు వచ్చును. ఇందు అప్పును గింజగా తీర్చుట యున్నది. కళ్లములో ఏడు క్వింటాళ్లు కొలిచిన ఆ తండ్రియు గింజగానే తీర్చెను. భేదమేమి? అచ్చట గింజ ఊరు దాటిపోయినది. ఇచ్చట అది ఊరిలోనే యుండి, శ్రావణమున అదే యింటికి తిరిగివచ్చును.

ఎవరు బీదవారు? ఈ ప్రశ్నయే అన్ని పథకములను చెరుపునది. వారు దీనిని కచ్చేరీ కాగితములకు విడువలేదు. ఊరందరియెదుట నేలమీద రంగుపొడులతో ఊరి పటము గీసి, ఒక్కొక్క యింటిని గూర్చి చర్చించి, మిగుల బీద, బీద, నడిమి అని శ్రేణులేర్పరచిరి. మిగుల బీదవారికి ఎక్కువ గింజ, తక్కినవారికి తక్కువ. పదిమంది చూచుచుండగా అబద్ధమాడుట కష్టము. విధవ యింటిని మరచుటయు కష్టము. నలుబదియేండ్లు బడిలో హాజరుపట్టీ వ్రాసినవాడను గనుక చెప్పుచున్నాను, కాగితముమీది పేరుకంటె ఇరుగుపొరుగుల నోటిమాట యే విషయమునందును బలమైనది; కక్షలు లేనిచోట మాత్రమే. కక్షలున్న ఊరిలో ఈ పద్ధతి నడచునాయని నాకును సందేహమే.

ఆ స్త్రీలు ఒకే చేలో జొన్నతోపాటు కంది, అనుము, పెసర, గోగు మొదలగువానిని కలిపి విత్తుదురు. ఒకటి పోయినను మరియొకటి నిలుచును. జొన్నవేళ్లు పైపొరను పట్టును, కందివేరు లోతునకు పోవును. నేలలోని నీరు రెండంతస్తులుగా వాడబడును. పప్పుజాతి మొక్కల వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. విత్తనమును వారు పైకమునకు అమ్ముకొనక అరువిచ్చుకొందురు. తీసికొన్నదానికంటె కొంత యెక్కువ తిరిగియిత్తురు. ప్రతియేట సంక్రాంతినాడు విత్తనములను బండ్లలో పెట్టుకొని ఊరూర పాతపంటల జాతర చేయుదురు. 2008 లో మాచునూరున తమకొక రేడియోకేంద్రముగూడ పెట్టుకొనిరి. అక్షరములు రానివారు విత్తనముల పేర్లు ఇరువది ముప్పది తడువుకొనక చెప్పుటను విన్న నావంటి పండితమ్మన్యునకు కొంత సిగ్గు కలుగును. 2019 లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము వారికి లభించినది.

ఇక చౌకబియ్యమును గూర్చి. దానిని నిందించుట నా యుద్దేశము కాదు. 1983 లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు ఎన్నియిండ్లలో సాయంకాలపు పొయ్యి వెలిగినదో నేను కన్నులార చూచితిని. 2013 నాటి ఆహారభద్రతా చట్టము దానిని హక్కుగా చేసినది. మనిషికి నెలకు ఐదు కిలోలు. 2023 జనవరినుండి కేంద్రము దీనిని ఉచితముగ నిచ్చుచున్నది. కాని మరల ఆ నల్లబల్ల లెక్క చూడుడు. ఐదుగురికి నెలకు 25 కిలోలు, ఏడాదికి 300 కిలోలు. వలసినది 730. చట్టము సగముకూడ నింపదు. తక్కినది ఇంటి చేనో, సంతయో నింపవలెను. బియ్యము తేరగా వచ్చుచున్నదని జొన్నచేనును ప్రత్తికో, వేరుసెనగకో విడిచినవాడు ఆ తక్కిన 430 కిలోలకు సంతనే నమ్ముకొన్నవాడగుచున్నాడు. అందులో లాభమున్న యేడు కలదు, లేని యేడునుకలదు. నేను ప్రత్తి వేయవలదనను. నాలుగెకరములలో ఒకటిన్నర తిండికి వదలి తక్కినది వేయుమందును. కూలిగింజయైనను అమ్ముడుపంటయైనను, ఇల్లు తిన్న తరువాతనే.

తిండిలో సత్తువ సంగతియు కలదు. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నపుధాతువు కలదు. బియ్యములో దానిలో ఇరువదవ వంతయినను లేదు. చట్టములో బియ్యము గోధుమలతోపాటు ముతకధాన్యములకును చోటున్నది. ఆ చోటు మన చౌకదుకాణములలో చాలకాలము ఖాళీగనే యుండెను.

గాదె మాట ముగించి నీటికి వచ్చెదను. కడపసీమలో పోరుమామిళ్లయందు 1369 వ సంవత్సరపు సంస్కృత శిలాశాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు చెరువు కట్టించి దానిని వ్రాయించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అందున్నది. మంచి చెరువునకు వలయు పండ్రెండు అంగములను, చెరువునకు కలుగు ఆరు దోషములను ఆ శాసనము చెప్పుచున్నది. కట్టనుండి నీరూరుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ మిట్ట – ఈ నాలుగు దోషములు కట్టుబడికి సంబంధించినవి. తక్కిన రెండును మిగుల యోచింపదగినవి: నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువగుట. ఆరున్నర శతాబ్దములకు ముందే మనవారు నీటిని నేలతో తూచి చూచి, తూగనిదానిని దోషమనిరి.

మన చెరువులక్రింద తైబందీ యను కట్టుబాటు కలదు. వానలు వెనుకబట్టిన పిమ్మట పెద్దలు కట్టమీద కూడి, తూముదగ్గర నీటిమట్టము చూచి, ఈ నీటికి ఎంత నేల పండునో నిర్ణయించి, ఆ నేలను అందరికిని వారివారి భాగముల ప్రకారము పంచెడివారు. పై భూమివాడని, క్రింది భూమివాడని భేదము లేదు. తూమునకు దగ్గరనున్న నేలనే అందరును ఆ యేటికి పంచుకొని సేద్యము చేసెడివారు. నీరటికాడు ఒక్కడే తూము తీయవలెను. ధనవంతుడైనను మడవ మార్చరాదు. వేసవిలో పూడికమట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకొనెడివారు. చెరువునకు లోతు, చేనికి సత్తువ. తెలంగాణమున 2015 లో ప్రారంభమైన మిషను కాకతీయ పనులలో ఈ పూడికతీత మరల జరిగినది. మట్టి తీయుట యంత్రముచేత నయ్యెను. తైబందీకి యంత్రము లేదు.

బోరు వచ్చిన తరువాత కథ మారినది. చెరువు నీరు కంటికి కనబడును. ఎవడెంత తీసినాడో ఊరికి తెలియును. బోరు నీరు కనబడదు. ఉచితపు కరెంటు 2004 లో వచ్చినప్పటినుండి తోడుటకు ఖర్చును లేదు. నా చేనిలోనిది నా నీరని ప్రతివాడును అనుకొనును. కాని నేలక్రింద పొలిమేరరాళ్లు లేవు. పొరుగువాడు మూడువందలడుగులకు పోయిన, నీవు నాలుగువందలకు పోవలెను. చివరకు అప్పుచేయలేనివాని బోరు ముందెండును. ఎంత నీరు పోవుచున్నదో చూడుడు. ఒక పంట వరికి నిలువెత్తున 1,200 మిల్లీమీటర్ల నీరనుకొన్నచో ఎకరమునకు సుమారు 48 లక్షల లీటర్లు. జొన్నకు 500 మిల్లీమీటర్లు చాలును, అనగా 20 లక్షల లీటర్లు. ఒక యెకరము వరి త్రాగు నీటితో రెండెకరములకు పైగా జొన్న పండును. పశువులకు చొప్పయు వచ్చును. గోదావరి కృష్ణా డెల్టాలలో వరి వేయుట ధర్మమే. అచ్చటి నేలయు నీరును దానికి తగినవి. అనంతపురమున సాలుకు ఐదారువందల మిల్లీమీటర్ల వానకు బోరుక్రింద వరి వేయుట, ఆ శాసనకారుడు చెప్పిన ఐదవ దోషమే.

దీనికి విరుగుడు లేకపోలేదు. 2003 తరువాత కొన్ని సంవత్సరములు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి తోడ్పాటుతో, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అనంతపురము, కడప, మహబూబునగరము, నల్లగొండ మొదలైన ఏడు కరువు జిల్లాలలో రైతులే భూగర్భజలములను కొలుచు పని నడచినది. ఊరిలో వానకొలత పాత్ర పెట్టిరి. ఏర్పరచుకొన్న బావులలో నీటిమట్టమును నిర్ణీత దినములలో కొలిచి, గోడమీద వ్రాసిరి. రబీకి ముందు సభచేసి, కురిసిన వాన యింత, ఇంకిన నీరింత, మీరందరు వేయదలచిన పంటలకు వలసినదింత అని లెక్క చదివిరి. ఎవరినిని ఈ పంట వేయవలదని బలవంతపెట్టలేదు. లెక్క విని చాలమంది తామే వరి తగ్గించుకొనిరి. పూర్వపు తైబందీ చెరువుకట్ట దిగి నేలక్రిందికి పోయినదనియే నా మాట.

ఆ పనికి యంత్రములు లేకయే మొదలుపెట్టవచ్చును. ఒక నులకత్రాడు తెచ్చి, జానకొక ముడి చొప్పున వేసి, చివర రాయి కట్టి, ఊరిలో వాడుకలోనున్న నాలుగు బావులలో ప్రతి పూర్ణిమనాడు నీరు తగులువరకు దింపి, ముడులు లెక్కించుడు. తెల్లవారుజామున, మోటార్లు ఆడకముందు కొలువవలెను. లేనిచో లెక్క తప్పును. ఆ లెక్కను రచ్చబండ గోడమీద బొగ్గుతోనైనను వ్రాయింపుడు. మా ఊరిలో ఈ పని ఏడవ తరగతి పిల్లల కప్పగించితిమి. వారు మరువరు, మొగమోటపడరు. పెద్దరైతు బావియైనను ముడులు తగ్గించి వ్రాయరు. కార్తీకపూర్ణిమనాటి లెక్క రబీ విత్తుటకు ముందు వచ్చును గనుక, ఆనాడు పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చుండి దానిని చదివించినచో, ఎవరే పైరు వేయవలెనో మాటలాడుకొనుటకు ఇంకను పదిదినముల వ్యవధి యుండును.